రెండూ ముప్పావు

కోట్ల డాలర్లు పోసి ఒక రాక్షసుణ్ణి తయారు చేస్తారు. వాడు ఊళ్లు తొక్కుతాడు, వంతెనలు విరుస్తాడు, విమానాలు నలుపుతాడు. శుక్రవారం ఉదయం ఆటకి హైదరాబాదులో దిగుతాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి మనం సమీక్ష రాసి వాడి చేతిలో ఒక మార్కుల చీటీ పెడతాం. అయిదుకి 2.75.

ఈ ముప్పావు మీద ఇంతవరకూ ఏ విశ్వవిద్యాలయమూ పరిశోధన చేయించకపోవడం విచారకరం. 1998లో హాలీవుడ్ వాళ్లు జపాన్ సినిమా రాక్షసుడు గాడ్జిల్లాను మళ్లీ తీసినప్పుడు అమెరికాలో పేరుమోసిన విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగు నక్షత్రాలకు ఒకటిన్నర ఇచ్చాడు. అంతటివాడు కూడా అర దగ్గర ఆగిపోయాడు. పావు దాకా దిగింది మనమే. కూరగాయల బండి దగ్గర పావుకిలో పచ్చిమిర్చి తూయించి, పైన కరివేపాకు ఊరికే వేయించుకునే వాళ్లకి ఇది కష్టమైన విద్యేమీ కాదు. పైగా అందులో క్షేమం ఉంది. సినిమా ఆడితే ‘పావే కదా తగ్గించాను’ అనొచ్చు. పోతే ‘మూడు ఇవ్వలేదు కదా’ అనొచ్చు.

అన్నట్టు, ఆ 1998 సినిమాలో న్యూయార్క్ మేయరు పేరు కూడా ఎబర్టే. అంతకుముందు తన సినిమాలను ఏకిపారేసిన కోపంతో దర్శకుడు రోలాండ్ ఎమరిక్ పెట్టిన పేరది. పక్కనుండే అనుచరుడికి ఎబర్ట్ జోడీ విమర్శకుడు జీన్ పేరు. ఇంత పగబట్టీ మేయర్ని రాక్షసుడి చేత తొక్కించలేదు! మన దగ్గరైతే క్లైమాక్సులో కనీసం ట్రాన్స్‌ఫార్మర్ మీదికైనా విసిరేవాళ్లు.

ఆ హాలీవుడ్ బల్లి అసలు గాడ్జిల్లానే కాదని జపాన్ వాళ్లకి కూడా మండింది. పేరులోంచి గాడ్‌ను తీసేసి ‘జిల్లా’ మిగిల్చారు. 2004లో తామే ఒక సినిమా తీసి, అందులో అసలు గాడ్జిల్లా చేత ఆ జిల్లాను సిడ్నీలో నిమిషం తిరగకుండా తగలబెట్టించారు. జిల్లా అని పేరు పెడితే అవమానమని వాళ్లు అనుకున్నారు. తెలంగాణలో 2016లో ఒక్క రోజులో పది జిల్లాలు ముప్పయ్యొకటి అయినప్పుడు మనం స్వీట్లు పంచుకున్నాం. ఎవరి సంప్రదాయం వాళ్లది.

సరే, అసలు ప్రశ్నకి వస్తాను. మూడులో తగ్గిన ఆ పావు ఎక్కడికి పోతోంది?

మొదటి అనుమానం ఎత్తు మీద. ఎత్తు చూపించి హైదరాబాదు వాణ్ణి భయపెట్టడం కష్టం. గాడ్జిల్లా పుట్టింది 1954లో. అదే ఏడాది ఖైరతాబాదులో ఒక్క అడుగు విగ్రహంతో గణపతిని నిలబెట్టడం మొదలైంది. పుట్టినప్పుడు యాభై మీటర్లున్న గాడ్జిల్లా, 2014లో హాలీవుడ్ వాళ్లు మళ్లీ తీసేసరికి నూట ఎనిమిది మీటర్లయ్యాడు. అరవై ఏళ్లలో రెండింతలు. అదే 2014లో మన గణపతి అరవై అడుగులు. అరవై రెట్లు, అదీ కంప్యూటర్ సాయం లేకుండా! ఇక 2005లో పీటర్ జాక్సన్ మళ్లీ తీసిన కింగ్ కాంగ్ ఎత్తు ఇరవై అయిదు అడుగులు. ఇరవై అయిదంటే మా దగ్గర కాలనీ మండపం. దానికి ట్రాఫిక్ కూడా మళ్లించరు.

రెండో అనుమానం ఆలస్యం మీద. ఆ కింగ్ కాంగ్ మూడు గంటల ఏడు నిమిషాల సినిమా. కోతి కనిపించేసరికి గంట దాటుతుంది. 2014 గాడ్జిల్లాకి నన్ను మా బావమరిది తీసుకెళ్లాడు. అందులోనూ గంటసేపు సైనికులు, శాస్త్రవేత్తలు, కన్నీళ్లు. చివరికి హొనలులు విమానాశ్రయంలో రాక్షసుడు నిండుగా నిలబడి, ఛాతీ విరిచి, ఒక్క అరుపు అరిచాడు. హాలంతా ఈలలు. వెంటనే దర్శకుడు వాణ్ణి ఎవరింట్లోనో చిన్న టీవీలోకి తోసేశాడు. ఇంగ్లిషు సినిమాకి ఇంటర్వెల్ ఉండదు కాబట్టి ఎక్కడ కొయ్యాలన్నది మా ఆపరేటర్ ఇష్టం. ఆయన సరిగ్గా అప్పుడే లైట్లు వేశాడు. కడుపు మండినవాళ్లంతా వెళ్లి సమోసాలు కొన్నారు.

ఆ పది నిమిషాల్లో మా వాడు లెక్క కట్టాడు. సినిమా నూట ఇరవై మూడు నిమిషాలు. అందులో గాడ్జిల్లా కనిపించేది మొత్తం పది నిమిషాలని చూసొచ్చినవాళ్లు చెప్పారు. “టికెట్టు నూట యాభై. అంటే బావా, గాడ్జిల్లా వాటా పన్నెండు రూపాయలే. మిగతా నూట ముప్పై ఎనిమిది ఆ మిలిట్రీ పిలగాని మొహం చూసినందుకు.”

జపాన్ అభిమానులు కొందరి ఫిర్యాదు ఇంకో రకం. మా గాడ్జిల్లా లావైపోయాడు అని. అమెరికా నుంచి వచ్చిన అల్లుణ్ణి చూసి ఎయిర్‌పోర్టులో అత్తగారు అనేది కూడా ఇదే మాట కాబట్టి, దీన్ని విమర్శగా కాక అభిమానంగా తీసుకోవాలని నా అభిప్రాయం.

మూడో అనుమానం, ‘అసలుదే బాగుంది’. ప్రతి ఆటకీ ఈ మాట అనడానికి ఒక పెద్దాయన ఉంటాడు. ఆ రోజు నా పక్క సీట్లోనే ఉన్నాడు. “1933 నాటి కింగ్ కాంగ్ ముందు ఇవన్నీ ఏం పనికొస్తాయండీ?” అన్నాడు. ఆయన వయసు అరవై దాటదు. మనం బొమ్మ ఎలా ఉందని అడుగుతాం కానీ, అది నిజంగానే బొమ్మ. ఒకటిన్నర అడుగు ఎత్తు, పైన కుందేలు బొచ్చు. ఒక్కో ఫ్రేముకీ చేత్తో కదిపి తీశారు. వేళ్లు తగిలిన చోటల్లా బొచ్చు చెదిరి, తెరమీద కోతి రోమాలు నిక్కబొడుచుకున్నట్టు కనిపిస్తుంది. నాకూ అదే ఇష్టం. అందుకే ఆయనతో వాదించలేదు. మీరు ఏ థియేటర్లో చూశారండీ అని మాత్రం అడిగాను. ఆయన ఫోన్ తీసి మెసేజీలు చూసుకున్నాడు.

మర్నాడు సమీక్షలు చదివాను. ‘గ్రాఫిక్స్ అద్భుతం, ఎమోషన్ కనెక్ట్ కాలేదు. ఎడిటర్ కత్తెరకు ఇంకాస్త పదును పెట్టాల్సింది. గాడ్జిల్లా పాత్రలో లోతు లేదు.’ ఈ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సముద్రం అడుగు నుంచి లేచొచ్చినవాడికి లోతు లేదట.

ఇన్ని అనుమానాలున్నా పావు సంగతి తేలలేదు. నిజానికి అది ముందు రోజే, హాలు మెట్ల మీదే తేలిపోయిందని నాకు ఆలస్యంగా తట్టింది. చివర్లో ఎదురొచ్చిన రాక్షసులను చంపాక గాడ్జిల్లా అలసిపోయి, జనం చూస్తుండగా మెల్లగా నడుచుకుంటూ సముద్రంలోకి దిగుతాడు. నీళ్లు నడుము దాకా, మెడ దాకా, ఆఖరికి వీపు ముళ్లు మాత్రమే. వెనక వరసలోంచి ఎవరో పిల్లాడు గట్టిగా అరిచాడు, “అగ్లే బరస్ తూ జల్దీ ఆ!” హాలు హాలంతా చప్పట్లు. హుస్సేన్ సాగర్ గట్టున పెరిగిన పిల్లాడు మరి. వాడి మొర విని కూడా గాడ్జిల్లా మళ్లీ రావడానికి 2019 దాకా పట్టింది.

బయటికి రాగానే ఒక కుర్రాడు మా బావమరిది మూతి దగ్గర మైకు పెట్టాడు.

“అన్నా, బొమ్మ ఎట్లుంది? ఎంతిస్తరు?”

“రెండూ ముప్పావు.”

“పావు ఎందుకు కట్ చేసిండ్రన్నా?”

“నిమజ్జనం మంచిగ చేసిండ్రు గని, లడ్డూ ఇయ్యలే.”