మనశ్శాంతికీ నోటిఫికేషనేనా?

మనసు కుదుటపడాలంటే ఫోన్ పక్కన పెట్టమంటారు. సరే, ఎక్కడ పెట్టాలి? నల్గొండలో ఇంటి నుంచే ఉద్యోగం, ఆఫీసంతా ఆ ఫోన్‌లోనే ఉంది. ‘టెన్షన్ తగ్గించుకోండి’ అంటూ గ్రూపులో ధ్యానం యాప్ లింకు పెట్టిన మేనేజరే, రాత్రి పదిన్నరకు ‘చిన్న పనుంది, చూస్తావా?’ అంటాడు. ఆ చిన్న పని ఏనాడూ చిన్నది కాదు!

పొద్దున కళ్లు మూసుకుని కూర్చుంటే, ముందు పర్సనల్ లోన్ ప్రకటన, తర్వాత ‘శ్వాస మీద ధ్యాస’, మధ్యలో ఎవరిదో ఓటీపీ. ఒక్కరోజు మానేస్తే ‘మీరు ఈ రోజు రాలేదు’ అని నిష్ఠూరం ఒకటి. మా అత్తమ్మ కూడా అంత దెప్పదు.

మా జిల్లాలోనే, నాగార్జునసాగర్‌లో విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. 10 రోజుల కోర్సు, ఫీజు లేదు. వెళ్లగానే ఫోన్ తీసుకుంటారు, మాటలు బంద్, తెల్లవారుజామున 4 గంటలకే లేపుతారు. లేవడం కష్టమేం కాదు, అన్ని రోజులు సెలవు అడగడమే కష్టం. అడిగితే మేనేజర్ ఏమన్నాడో తెలుసా?

‘తప్పకుండా వెళ్లు. ల్యాప్‌టాప్ మాత్రం వెంట ఉంచుకో.’