దండ వీరేశలింగానికి, తాళం బడికి

ఏప్రిల్ నెలాఖరుకు ప్రభుత్వ బడులన్నీ మూతపడతాయి. మళ్లీ గేటు తీసేది జూన్ రెండో వారంలోనే. ఈ ఏడు వారాలూ పట్నం పిల్లలకు లోటు లేదు. ఈత, చెస్, కీబోర్డు, డ్రాయింగు, యాక్టింగు... ఫీజు కట్టగలిగితే ఏదో ఒక సమ్మర్ క్యాంపు దొరుకుతుంది. మరి పల్లె పిల్లలకు? అమ్మానాన్నలు తెల్లారకముందే ఉపాధి హామీ పనికి వెళితే చెల్లినో తమ్ముణ్నో కనిపెట్టుకుని ఉండటం, మిగతా పొద్దంతా ఫోను. ఊరి బడిలో పిల్లలకు నాటకం నేర్పే వేసవి శిబిరం పెట్టాలన్న ఆలోచన ప్రభుత్వ ప్రాధాన్యాల్లో ఎక్కడా కనబడదు.

అలాగని సర్కారుకు నాటకమంటే గౌరవం లేదనడానికి వీల్లేదు. సరిగ్గా సెలవుల ముందు, ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం జయంతిని ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. దండలు, శాలువాలు, మెమెంటోలు, నాటకాన్ని బతికించుకోవాలంటూ ఉపన్యాసాలు. ఇంతకీ ఆ వీరేశలింగం చేసిందేమిటి? 1880లో రాజమండ్రిలో తన విద్యార్థులనే పోగేసి నాటకం ఆడించారు. కోర్టుల చుట్టూ అల్లుకున్న అవినీతి మీద చురకలు వేసిన ప్రహసనమది. ఒక పంతులు తన దగ్గర చదువుకునే పిల్లలతో మొదలుపెట్టిన పనికి పండగ చేస్తూ, పండగైన కొద్ది రోజులకే బడికి తాళమేసి చేతులు దులుపుకోవడాన్ని కపటం అనక ఏమనాలి?

ఉపన్యాసాల్లో సురభి ప్రస్తావన కూడా తప్పదు. సురభి పుట్టింది 1885లో, కడప జిల్లాలోని ఓ పల్లెటూళ్లో. ఆ ఊరి పేరే ఆ నాటక సమాజానికి పేరైంది. ఆ కుటుంబాల్లో పిల్లలు పలక పట్టే వయసుకే బాలకృష్ణుడిగానో ప్రహ్లాదుడిగానో రంగు పూసుకుని తెర ముందుకొచ్చారు. పల్లె పిల్లలకు నాటకం అబ్బుతుందా అని అనుమానపడేవాళ్లు ఆ చరిత్రను వేదికల మీద వల్లించడం మానేసి ఒకసారి చదివితే బాగుంటుంది.

చదవడమే సరిగ్గా రాని పిల్లలకు నాటకమెందుకు, ఎండల్లో శిబిరాలేమిటి, డబ్బులెక్కడివి అని అడిగేవాళ్లున్నారు. పాఠం చదవమంటే తల దించుకునే ఆరో తరగతి పిల్లాడి చేతిలో తన వేషం తాలూకు నాలుగు మాటల కాగితం పెట్టి చూడండి. పక్కవాణ్ని అడిగో, అక్క చేత చదివించుకునో రెండు రోజుల్లో అప్పజెబుతాడు. తప్పు చదివితే నవ్వుతారన్న భయం అక్కడే సగం పోతుంది. ఇక ఎండ సంగతి. రిహార్సల్స్‌కు ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు దాటాక ఒక గంట చాలు. చీకటి పడకముందే వదిలేస్తే, ఒక టీచరమ్మ కూడా ఉంటే, ఆడపిల్లలను పంపడానికి తల్లులు వెనకాడరు. తిండికీ దారి ఉంది. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. సెలవుల్లో బడి పొయ్యి వెలిగించడం కొత్త సంగతేమీ కాదు.

నేర్పేవాళ్లు లేరా? ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల కళల్లో డిగ్రీలు ఇస్తూనే ఉన్నాయి. చదివినవాళ్లకు సినిమా ఆఫీసుల చుట్టూ తిరగడం తప్ప మరో దారి చూపరు. నూరుమందికి మించి పిల్లలున్న బడుల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కళలు నేర్పే పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఆ బోధకులతో వేసవిలోనూ పని చేయించుకోవచ్చు. తెలంగాణలో చిందు యక్షగానం, రాయలసీమలో తోలుబొమ్మలాట తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను ఏడాదికోసారి వేదికెక్కించి శాలువా కప్పే బదులు ఇరవై రోజులు పిల్లల మధ్య కూర్చోబెట్టి, గౌరవంగా కూలి కట్టిస్తే పోయేదేముంది?

పొరుగున కర్ణాటకను చూడండి. శివమొగ్గ జిల్లాలోని హెగ్గోడు అనే చిన్న ఊళ్లో కె.వి. సుబ్బణ్ణ 1949లో మొదలుపెట్టిన నీనాసం ఇవాళ దేశమంతా తెలిసిన నాటక కేంద్రం. మైసూరులోని రంగాయణ నాటక సంస్థ వేసవిలో పిల్లల కోసం ‘చిన్నర మేళ’ అనే శిబిరం నిర్వహిస్తుంది. మన దగ్గర నంది నాటక పోటీల్లో బాలల నాటికలకు విభాగం పెట్టారు సరే, ఆ పోటీకి పల్లె నుంచి ఒక జట్టును తయారుచేసే బాధ్యత ఎవరిదో మాత్రం తేల్చలేదు. బహుమతి సిద్ధం, బడి మాత్రం మూత. మళ్లీ అదే కపటం.

నిజానికి అసలు అడ్డంకి నిధులు కూడా కాదు, తాళంచెవి. సెలవుల్లో గది తెరిస్తే ఫ్యానో కంప్యూటరో పోతుందని, పిల్లాడు పడితే ఎవరు జవాబు చెప్పాలని ప్రధానోపాధ్యాయుడికి టెన్షన్. ఆయన్ను తప్పుపట్టలేం. రాతపూర్వకంగా ఒక్క ఉత్తర్వు లేకుండా ఆయన మాత్రం ఏం చేస్తారు? మండలానికి ఒక బడి చొప్పున ఎంపిక చేసి, ఫిబ్రవరిలోనే ఉత్తర్వులిచ్చి, బోధకుల పేర్లు, గౌరవ వేతనం, కాపలా మనిషి జీతం అందులో రాయాలి. చివరి రోజు ప్రదర్శన ఊళ్లోనే, రామాలయం ముందో బడి ఆవరణలోనో జరగాలి. ముఖ్య అతిథి రాకపోయినా కొంపలేమీ మునగవు. ఆయన రెండు గంటలు ఆలస్యంగా వస్తే పిల్లల ముఖాలకు పూసిన రంగంతా చెమటకు కారిపోతుంది.

నాయకుల సభలకు స్వాగత నృత్యాలు చేయించడానికి ఇదే పల్లె పిల్లలు గుర్తొస్తారు. అప్పుడు ఎండ అడ్డు రాదు, బడ్జెట్ అడ్డు రాదు, బడి తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి. సొంత పిల్లల్ని ఏసీ హాళ్లలో జరిగే యాక్టింగ్ క్యాంపులకు కార్లలో దింపి వచ్చే పెద్దలు, పల్లె పిల్లలకు వడదెబ్బ తగులుతుందని ఫైలు మీద రాసి పక్కన పడేసే అలవాటు ఇకనైనా మానుకోవాలి.