సవరణ: ఉక్రెయిన్ రుణం రష్యా సొమ్ము కాదు
ఉక్రెయిన్‌కు ఐరోపా సాయం గురించిన గత టపాలో, రష్యా ఆస్తులను జప్తు చేసి ఆ సొమ్మునే 90 బిలియన్ యూరోల రుణంగా ఇస్తున్నారన్న వాక్యాన్ని సవరిస్తున్నాం. 2025 డిసెంబరులో బ్రసెల్స్‌లో ఐరోపా సమాఖ్య నేతల శిఖరాగ్ర సమావేశం తీసుకున్న నిర్ణయం ప్రకారం, 2026, 2027 అవసరాలకు ఉద్దేశించిన ఆ మొత్తాన్ని సమాఖ్య తన ఉమ్మడి బడ్జెట్ పూచీపై మార్కెట్లో అప్పుగా సేకరించాలి. హంగరీ, స్లొవేకియా, చెక్ రిపబ్లిక్‌లపై ఆ భారం పడదు. రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులను, అందులో అధిక భాగం బెల్జియంలో బాండ్ల వంటి పెట్టుబడి పత్రాలను భద్రపరిచే సంస్థ యూరోక్లియర్ వద్దే ఉంది, స్తంభింపజేశారు తప్ప వాటి యాజమాన్యం మారలేదు. వాటి ఆధారంగా రుణమివ్వాలన్న ప్రతిపాదనకు, వ్యాజ్యాల భయంతో, బెల్జియమే గట్టిగా అడ్డుపడింది. ఆ భయాన్ని సాకుగా కొట్టిపారేయలేం. అమెరికా ఆయుధాలు ఆగిపోయాయన్నదీ సరికాదు: 2025లో మొదలైన నాటో ఏర్పాటు కింద అవి అందుతున్నాయి, కాకపోతే డబ్బు చెల్లించేది ప్రధానంగా ఐరోపా దేశాలు, కెనడా.