ట్రెడ్‌వేర్ 200 గారికి నల్లగొండ నుంచి

అయ్యా,

టైరు ఎంత కాలం మన్నుతుందో చెప్పే అంకెగా దాని పక్క గోడ మీద చిన్న అక్షరాలతో కొలువుదీరిన తమకు నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. టైర్లు మాత్రం క్షేమంగా లేవు, ఆ సంగతి విన్నవించుకోవడానికే ఈ లేఖ.

మాది రెండు సీట్ల కారు. నేను ఎక్కి కూర్చున్నా వెయ్యి కిలోలు తూగదు. ఏడాది పొడుగునా నల్లగొండ, మిర్యాలగూడ రోడ్ల మీద తిరిగి, జనవరిలో రెండు రోజులు మాత్రం చెన్నై పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు పోయి, ఆ 3.7 కిలోమీటర్ల చుట్టు మీద తన జన్మ సార్థకం చేసుకుంటుంది. దీనికి ఏ టైర్లు వేయించాలని అడిగితే హైదరాబాద్‌లోని మిత్రులంతా ఒక్క గొంతుతో తమ పేరే చెప్పారు. రోడ్డుకు రోడ్డు, ట్రాక్‌కు ట్రాక్, ఇంకేం ఆలోచించకు, 200 వేయించు అన్నారు. వేయించాను.

వేయించిన తర్వాత తమరి పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. ముందే విచారించవలసింది. తమరు అమెరికా ప్రభుత్వ పద్ధతిలో పుట్టిన అంకె. టెక్సాస్‌లో ఒక నిర్ణీత దారి మీద ప్రామాణిక టైరుతో పాటు కొత్త టైరును వేల మైళ్లు తిప్పి, ప్రామాణిక టైరు అరుగుదలకు 100 అని పేరు పెట్టి, దానికి రెండింతలు మన్నేదానికి 200 ఇవ్వాలని ఏర్పాటు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ అంకెను టైరు మీద అచ్చు వేసుకునేది తయారు చేసిన కంపెనీయే. పైగా, మామూలు రోడ్డు టైర్లతో ఆడే పోటీలు చాలావాటిలో 200కు తక్కువ అంకె ఉన్న టైరును రానివ్వరు. దాంతో లోకంలోని, త్వరగా అరిగిపోయే జిగట రబ్బరంతా ఒక్కసారిగా సరిగ్గా 200 అయి కూర్చుంది. ఈ విద్య మాకు కొత్త కాదు. రేషన్ కార్డుకు పల్లెల్లో ఆదాయం లక్షన్నర దాటకూడదన్న నిబంధన ఉన్నచోట రెండంతస్తుల మేడ మీద నుంచి దిగి వచ్చినవారికి కూడా ధ్రువీకరణ పత్రంలో లక్షా నలభై ఎనిమిది వేలే పడటం మేము చూసినవాళ్లమే. తమరిని చూడగానే సొంత మండలం మనిషి కనిపించినంత సంతోషం కలిగింది.

టైర్లు బిగించిన మరునాడే క్లాక్ టవర్ దగ్గరి పంక్చర్ షాపు కాకా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, టైరు మీద అరచెయ్యి రాసి, "ఏంది సారూ, కొత్తయంటివి, గీతలే లెవ్వు గదా, నున్నటియి అంటగట్టిన్రా?" అని జాలిపడ్డాడు. గాట్లు తక్కువుంటే నేలను అంటుకునే రబ్బరు ఎక్కువుంటుందని వివరించబోయాను. ఆయన వినలేదు. వాన పడినప్పుడు గాని ఆయన మాట నాకు వినిపించలేదు.

జూన్ రెండో వారంలో నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద, లారీల చక్రాలు తొక్కి తొక్కి గుంట పడిన చాళ్లలో నీళ్లు నిలిచి ఉండగా, డెబ్బై కూడా దాటని వేగంలో స్టీరింగు ఉన్నట్టుండి చేతుల్లో తేలికైపోయింది. బ్రేకు మీద కాలు పెట్టకుండా నిలువరించుకోవడం ఒక్కటే ఆనాడు నేను చేసిన తెలివైన పని. తప్పు నాదే. కంపెనీ ఇచ్చిన 185 మిల్లీమీటర్ల వెడల్పు తీసేసి 205 వేయించాను. బరువు తక్కువై, వెడల్పు ఎక్కువై, గాట్లు లోతు లేకపోతే టైరు నీళ్లను చీల్చుకుని నేలకు దిగలేదు, పైన తేలుతుంది. 1989లో వచ్చిన మొదటి మాజ్దా ఎంఎక్స్-5కు 185 వెడల్పు టైర్లే. 1996 నాటి లోటస్ ఎలీజ్‌కు ముందు 185, వెనక 205. తేలిక బండ్లు కట్టినవాళ్లకు వెడల్పు టైర్లు దొరకక కాదు. తమరి పక్కనే 'ట్రాక్షన్ ఏ' అని మరొక బిరుదు ఉంది గదా, అది చూసి ధైర్యపడ్డాను. అది తడి నేల మీద తిన్నగా పోతూ బ్రేకు వేసినప్పటి పట్టుకే ఇచ్చిన బిరుదని, మూలమలుపుతో గాని నీళ్ల మీద తేలడంతో గాని దానికి సంబంధం లేదని తర్వాత తెలిసింది.

యాసంగి కోతలప్పుడు ఇంకొక వైభవం. మా రోడ్ల మీద సగం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. నలభై నాలుగు డిగ్రీల ఎండలో మెత్తబడిన తమరి రబ్బరు దారిలో దొరికిన ప్రతిదాన్నీ కావలించుకుని ఇంటికి తెస్తుంది. సాయంత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే ఒక్కొక్క గాటులోంచి ఒక కంకర రాయి, దాని కింద నలిగిన రెండు వడ్లగింజలు, వాటిని పట్టుకుని తారు. ఒక్క టైరు శుభ్రం చేయడానికి నాకు అరగంట పట్టింది. నా జీవితంలో నేను చేసిన ధాన్యసేకరణ అంతే.

సరే, రోడ్డు సంగతి వదిలేద్దాం, ట్రాక్ మీదైనా మెరుస్తారనుకున్నాను. అక్కడికి పోవడానికే ఐదు వందల కిలోమీటర్లకు పైగా తమరిని అరగదీయాలన్నది పక్కన పెట్టండి. ఇవే టైర్లు వేసిన మిత్రుడి బరువైన సెడాన్‌కు నాలుగో చుట్టుకల్లా రబ్బరు కాగిపోయి జారడం మొదలైంది. మా బండికి టైర్లలో వేడి పుట్టి పట్టు దొరికేసరికి పదిహేను నిమిషాల సమయం ముగిసి చెకర్డ్ జెండా ఊపారు. జిగట రబ్బరు వేడెక్కితేనే పనిచేస్తుంది. వేడెక్కించాలంటే బరువు కావాలి, మా దగ్గర లేనిది అదే. తమరి పక్క గోడ మీద లోడ్ ఇండెక్స్ 86 అని ఉంది, అంటే ఒక్కొక్క టైరు 530 కిలోలు మోస్తుంది. రెండు టన్నులకు పైగా మోయగలిగిన నాలుగు టైర్ల మీద మా బండి బల్లి పాకినట్టు పాకుతున్నది. దానికి తోడు పెట్రోల్ బంకులో గాలి కొట్టే పిల్లవాడు ఏ బండి వచ్చినా ముప్పై అయిదు కొట్టేస్తాడు. ఇరవై ఆరు చాలంటే, "గంత తక్కువనా సార్? పంక్చరైన బండి లెక్క గొడ్తది" అని నాకోసం బాధపడతాడు.

వయసు సంగతి మొహమాటం లేకుండా అడుగుతాను. పక్క గోడ మీది చివరి నాలుగు అంకెలు 1421, అంటే తమరు 2021లో పద్నాలుగో వారంలో పుట్టారు. నేను కొన్నది 2024లో. 2020 జూన్‌లో విదేశీ టైర్ల దిగుమతి మీద ఆంక్షలు వచ్చాక ఇలాంటి సైజులు దొరకడమే అదృష్టమని దుకాణదారు అన్నాడు. బియ్యమైతే పాతబడే కొద్దీ అన్నం పొడిపొడిగా అవుతుందని మిర్యాలగూడలో ఎక్కువ ధర పెట్టి కొంటాం. రబ్బరుకు ఆ యోగం లేదు, అది గట్టిపడుతుంది. ట్రాక్ మీద వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఇంకొంచెం గట్టిపడుతుంది.

రెండు జతలు ఉంచుకోమని ఒక సలహా వచ్చింది. మా బండి డిక్కీలో హెల్మెట్ పెడితే టిఫిన్ డబ్బా ఒడిలో పెట్టుకోవాలి, నాలుగు టైర్లు తీసుకుపోవాలంటే వెనక బావమరిది బొలెరో రావాలి. కాబట్టి మళ్లీ 185కే దిగాను. లోతైన గాట్లున్న, 300 అంకె వేసుకున్న, ఈ ఏడాదే పుట్టిన రోడ్డు టైర్లు. ట్రాక్ మీద చుట్టుకు కొన్ని క్షణాలు పోతాయి, పోనివ్వండి. జారబోయే ముందు కుయ్యిమని చెప్పి జారుతున్నాయి, తమరికి ఆ మర్యాద లేదు.

తమరు ప్రస్తుతం మా కొట్టంలో పత్తి బోరాల పక్కన ఉన్నారు. నిన్న బావమరిది వచ్చి, ఒక టైరును కాలితో తన్ని, పక్క గోడ మీది 86 ఏమిటని అడిగాడు. ఐదు వందల ముప్పై కిలోలని చెప్పాను. "అంటే టైరుకు పదమూడు బస్తాల వడ్లు. నాలుగిటికి యాభై రెండు. ట్రాలీకి ఎక్కుతయా బావా?" అన్నాడు.

ఇట్లు,
తమరి పూర్వ యజమాని