వంద వ్యాన్లకు వంద ఫాస్ట్ ఛార్జర్లు అక్కర్లేదు

సరుకు రవాణా చేసేవాళ్ల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. "డీజిల్ ట్యాంకు పది నిమిషాల్లో నిండుతుంది, ఎలక్ట్రిక్ బండిని గంటల తరబడి కట్టేసి ఉంచాలి. వంద వ్యాన్లు నడిపే సంస్థకు వంద ఫాస్ట్ ఛార్జర్లు, సొంత సబ్‌స్టేషన్ కావాలి. ఇక లారీల సంగతి మర్చిపోవడమే" అని దాని సారాంశం. చదవగానే నిజమే అనిపిస్తుంది. అందుకే ఒక్కో మాటా లెక్కతో చూడాలి.

ముందు ఆ వంద ఛార్జర్లు. ఒక్కోటి 150 కిలోవాట్లనుకుంటే మొత్తం 15 మెగావాట్లు, అంటే 15,000 కిలోవాట్లు. ఆ అంకె చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అసలు లెక్క మొదలుపెట్టాల్సింది బండి రోజూ తిరిగే దూరం దగ్గర. పార్సిళ్లు పంచే వ్యాను రోజుకు 100 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. కిలోమీటరుకు సుమారు 0.3 యూనిట్ల చొప్పున 30 యూనిట్లు. వంద వ్యాన్లకు 3,000 యూనిట్లు. రాత్రి పది గంటలు షెడ్డులో ఉంటే సగటున 300 కిలోవాట్లు చాలు, ఛార్జింగులో పోయేది కలిపినా 350 లోపే. 15,000 ఎక్కడ, 350 ఎక్కడ! ఒక్కో బండికి 7 కిలోవాట్ల మామూలు ఏసీ ఛార్జర్ పెట్టినా ఐదు గంటల్లోపు పనైపోతుంది.

మరి బండ్లన్నీ సాయంత్రం ఏడింటికి వచ్చి ఒకేసారి ప్లగ్ పెడితే? అప్పుడు లోడు 700 కిలోవాట్లకు ఎగబాకుతుంది, దాంతోపాటు గరిష్ఠ లోడును బట్టి విద్యుత్ సంస్థ వేసే డిమాండ్ ఛార్జీలూ పెరుగుతాయి. లోడ్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ పుట్టింది ఇందుకే. మొత్తం లోడుకు ఒక హద్దు పెడితే, తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లే బండికి ముందు, ఎనిమిదింటికి వెళ్లేదానికి తర్వాత కరెంటు పంచుతుంది. ఛార్జర్లు ఓసీపీపీ ప్రోటోకాల్ (ఛార్జరూ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ మాట్లాడుకునే ఉమ్మడి భాష) పాటించేవైతే వేర్వేరు కంపెనీలవైనా ఒకే వ్యవస్థ కింద నడపొచ్చు. కొనేముందు ఈ ఒక్క విషయం తప్పక అడగండి.

"గంటల తరబడి కట్టేయాలి" అన్న మాటకు జవాబు ఇక్కడే వచ్చేసింది. డ్రైవరు ఇంటికెళ్లి నిద్రపోయే సమయంలో బండి ఎలాగూ నిలబడే ఉంటుంది. రెండు షిఫ్టులు తిరిగే బండ్లు వేరు. వాటికోసం డిపోలో ఒకటి రెండు డీసీ ఫాస్ట్ ఛార్జర్లు ఉండాల్సిందే.

లారీల విషయంలో సందేశం పాత కాలంలో ఆగిపోయింది. యూరప్ నిబంధనల ప్రకారం డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. పూర్తి లోడుతో పెద్ద లారీ కిలోమీటరుకు సుమారు 1.2 యూనిట్లు వాడుతుంది. 350 కిలోవాట్ల ఛార్జర్ నిలకడగా ఇస్తే ఆ 45 నిమిషాల్లో మరో 200 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. భారీ వాహనాల కోసమే తయారైన మెగావాట్ ఛార్జింగ్ సిస్టమ్‌ను 1,250 వోల్టులు, 3,000 ఆంపియర్లు, అంటే 3.75 మెగావాట్ల వరకు వెళ్లేలా రూపొందించారు. 2030 నాటికి ప్రధాన రహదారులపై ప్రతి 60 కిలోమీటర్లకు భారీ వాహనాల ఛార్జింగ్ కేంద్రం ఉండాలని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టమే చేసింది. అలాంటి కేంద్రాలు లేని దారుల్లో దూరప్రయాణపు లారీ నడపడం ఇప్పటికీ కష్టమే, అది ఒప్పుకోవాలి.

నాకు బాధ కలిగించేది, అసలు ఇబ్బందులను ఈ సందేశం ఎక్కడా ప్రస్తావించకపోవడం. డిపోలో పని ఆగిపోయేది చిన్న విషయాల దగ్గర. ఒక మోడల్‌కు ఛార్జింగ్ పోర్టు ముందు భాగంలో, ఇంకోదానికి వెనక ఎడమవైపు ఉంటుంది. ముందు పోర్టున్న వ్యానును రివర్స్ చేసి నిలిపితే కేబుల్ అందదు. గోడకు తగిలించకుండా కనెక్టర్‌ను నేల మీద వదిలేస్తే పక్క బండి చక్రం ఎక్కి పిన్నుల దగ్గర ప్లాస్టిక్ పగిలిపోతుంది. పొద్దున చూస్తే ఆ బండిలో ఛార్జింగ్ ఉండదు, ఆ రూటు పార్సిళ్లన్నీ ఆగిపోతాయి.

అంతకన్నా పెద్దది కొత్త కనెక్షన్. ట్రాన్స్‌ఫార్మరు పెంచాలన్నా, సబ్‌స్టేషన్ నుంచి కొత్త ఫీడరు లైను లాగాలన్నా నెలలు పడుతుంది, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. బండ్లు మాత్రం ముందే వచ్చి షెడ్డులో నిలబడతాయి. కాబట్టి బండ్లకు ఆర్డరు పెట్టకముందే విద్యుత్ సంస్థకు దరఖాస్తు వెళ్లాలి. మొదటి విడతలో పదే బండ్లున్నా, నేల తవ్వినప్పుడే తర్వాత వచ్చేవాటికీ సరిపడా కేబుల్ పైపులు వేసేస్తే మళ్లీ కాంక్రీటు పగలగొట్టాల్సిన పని ఉండదు.