దంత వైద్యుడి మాస్కు వెనుక ఆగిపోతున్న మాటలు

పిప్పి పన్నుకూ వినికిడి లోపానికీ నేరుగా సంబంధం లేదు. గర్భంలో ఉండగా రుబెల్లా సోకడం, నెలలు నిండకుండా పుట్టడం వంటి కొన్ని కారణాలు చెవితో పాటు పంటి మీది ఎనామెల్ పొరను కూడా దెబ్బతీయగలవన్నది నిజమే కానీ, అలాంటి పిల్లలు కొందరే. మిగిలినవారి పళ్లు అందరి పళ్లలాంటివే. అయినా బధిర విద్యార్థుల పళ్లను పరీక్షించిన పలు సర్వేల్లో చిగుళ్ల వాపు, చికిత్స అందని పుచ్చు పళ్లు పెద్ద సంఖ్యలో బయటపడుతున్నాయంటే, లోపాన్ని పిల్లల నోళ్లలో కాక, వాళ్లకు మనం విషయం చేరవేస్తున్న తీరులో వెతకాలి.

వినగలిగే పిల్లలు పళ్ల గురించి ప్రత్యేకంగా పాఠం నేర్చుకోరు. పక్క గదిలో పెద్దలు పంటి నొప్పి గురించి మాట్లాడుకుంటుంటే, రాత్రి తోముకోకుండా పడుకున్న అన్నకు చీవాట్లు పడుతుంటే విని గ్రహిస్తారు. బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. సంజ్ఞా భాష రాని ఇంట్లో ఆ బిడ్డకు కనిపించేది బ్రష్షు కదలిక, నురగ మాత్రమే. అందుకే అద్దంలో కనిపించే ముందు పళ్లను గట్టిగా రుద్ది, దవడ పళ్ల లోపలి వైపును, పాచి పేరుకునే చిగురు అంచును వదిలేస్తాడు. తోమడం ఎలాగో సగం తెలిసింది, ఎందుకో అసలే తెలియలేదు. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు, ఫ్లోరైడ్ పేస్టుతో అన్న చిన్న సూత్రం కూడా ఆ బిడ్డ దాకా రాదు.

కరపత్రాలు ఈ లోటు తీరుస్తాయనుకోవడం మన అమాయకత్వం. సంజ్ఞా భాషలో ఆలోచించే విద్యార్థికి రాత భాష చాలాసార్లు రెండో భాష. వైద్య పదాలు నిండిన పేరాగ్రాఫు అతనికి మరింత దూరం.

అసలు చిక్కు చికిత్స కుర్చీలో మొదలవుతుంది. కుర్చీ వెనక్కి వాలుతుంది, కళ్ల మీద దీపం పడుతుంది, డాక్టరు మాస్కు కట్టుకోగానే పెదవుల కదలిక మాయమవుతుంది. వినికిడి యంత్రం పెట్టుకునే ఉంటే, డాక్టరు చెయ్యి దగ్గరకు వచ్చినప్పుడల్లా అది కీచుమంటుంది, డ్రిల్ శబ్దాన్ని మరింత పెంచి వినిపిస్తుంది; తీసేస్తే మిగిలిన ఆ కాస్త వినికిడీ పోతుంది. పిల్లల భయం పోగొట్టడానికి చెప్పి, చూపించి, ఆ తర్వాతే చేయాలన్న పద్ధతి 1959 నుంచీ దంత వైద్యంలో ఉంది. ఈ బిడ్డకు మాత్రం మొదటి రెండూ లేకుండా మూడోదే ఎదురవుతుంది: ఏ హెచ్చరికా లేకుండా దవడలో ఒక కంపనం. మళ్లీ ఆ గుమ్మం తొక్కనని మొండికేస్తే తప్పు పట్టగలమా? మత్తు సూదితో పెదవి కొన్ని గంటలు మొద్దుబారుతుందని ముందే చెప్పకపోవడం మరో నిర్లక్ష్యం. సంజ్ఞా భాషలో వ్యాకరణం చేతుల్లోనే కాదు, నోటి కదలికల్లో, ముఖకవళికల్లో కూడా ఉంటుంది; పెదవి మొద్దుబారితే ఆ బిడ్డ మాటే కొంత తడబడుతుంది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. కుర్చీ వాల్చకముందే, మాస్కు కట్టుకోకముందే, ఎదురుగా కూర్చుని విషయం వివరించాలి. చెయ్యెత్తితే పని ఆపేస్తామని ఒప్పందం చేసుకుని, దానికి కట్టుబడాలి. దుబాసీని బిడ్డ చూపు అందేచోట నిలబెట్టి, దీపాన్ని కాస్త పక్కకు తిప్పాలి. కాక్లియర్ ఇంప్లాంట్ (శస్త్రచికిత్సతో చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఉందేమో ముందే అడగడం మర్యాద కోసం కాదు. చిగుళ్లను కోయడానికి, రక్తం ఆపడానికి శరీరం గుండా కరెంటు పంపే మోనోపోలార్ విద్యుత్ పరికరాలను తల, మెడ భాగాల్లో వాడితే అవి దానికి హాని చేయగలవు.

బడిలో నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది పాచికి రంగు పట్టించే బిళ్ల. నమిలి ఉమ్మేశాక, శుభ్రమని భ్రమపడిన పళ్ల మీద మరకలు తేలతాయి; అవి పోయేదాకా తోముతూ అద్దంలో చూసుకుంటే చాలు, మాటతో పని లేదు. ఆ బిళ్లను పై తరగతి బధిర విద్యార్థి చేతికిచ్చి చిన్నవాళ్లకు నేర్పమంటే, వినగలిగేవాళ్లు వచ్చి చేసే ఉపన్యాసం కంటే అది బాగా పనిచేస్తుంది.

ఏడాదికోసారి శిబిరం పెట్టి, బ్రష్షులు పంచి, ఫొటోలు దిగి వెళ్లిపోవడం మీద నాకు గౌరవం లేదు. అక్కడ పుచ్చు కనిపెట్టి రాసిచ్చిన చీటీ తర్వాత ఏమవుతోంది? ఆసుపత్రిలో సమయం కావాలంటే ఫోన్ చేయాలంటారు, వరుస వచ్చినప్పుడు పేరు పెట్టి పిలుస్తారు. వైకల్యం ఉన్నవారికి ఇతరులతో సమానమైన వైద్యం అందాలని 2006 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక 25వ అధికరణం చెబుతోంది. ఆ సమానత్వానికి తొలి మెట్టుగా, ఫోన్ నంబరు పక్కన సందేశం పంపే వీలు, వేచి ఉండే గదిలో పేరు కనిపించే తెర పెట్టమని అడగడం అత్యాశ కాదు.