మళ్ళీ కాలేజీకి వెళ్ళే పిల్లల పక్కన కూర్చోండి

కుంగుబాటు వల్లనో, ఇంట్లో ఒకరి మరణం వల్లనో, తల్లిదండ్రులు విడిపోవడం వల్లనో చదువు మధ్యలో ఆపేసిన పిల్లలు కొంతకాలానికి మళ్ళీ కాలేజీకి వెళ్తామన్నప్పుడు, పెద్దలం ముందుగా ధైర్యం చెబుతాం. ఆ వెంటనే, పోయిన సంవత్సరాలను ఎంత త్వరగా పూడ్చుకోవచ్చో లెక్క వేయడం మొదలుపెడతాం. నా అభిప్రాయంలో ఆ ధైర్యం చాలదు, ఆ లెక్క హాని చేస్తుంది. అమెరికాలో తిరిగి చేరాలనుకునేవారిని తరచుగా ఆపేవి కాగితాలు. వాటిని ఓపికగా చదివి పెట్టే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

మొదట తెప్పించుకోవలసింది పాత ట్రాన్‌స్క్రిప్ట్, అంటే కోర్సులూ గ్రేడ్లూ ఉండే పత్రం. గడువులోగా చెప్పి మానుకున్న కోర్సుకు సాధారణంగా 'డబ్ల్యూ' (విత్‌డ్రా, అంటే మానుకున్నట్టు గుర్తు) పడుతుంది, అది జీపీఏను, అంటే గ్రేడ్ల సగటును, తగ్గించదు. ఎవరికీ చెప్పకుండా క్లాసులకు వెళ్ళడం మానేస్తే మాత్రం 'ఎఫ్'లు (ఫెయిల్ గ్రేడ్లు) మిగులుతాయి. మంచం దిగలేని స్థితిలో ఉన్న విద్యార్థి గడువులు చూసుకుని ఫారాలు నింపుతాడని ఆశించడం అన్యాయమని చాలా కాలేజీలకూ తెలుసు. అందుకే వైద్యుని లేఖ ఆధారంగా, సెమిస్టర్ ముగిసిన తరువాత కూడా ఆ ఎఫ్‌లను డబ్ల్యూలుగా మార్చమని అర్జీ పెట్టుకునే వీలు అనేక చోట్ల ఉంది. కాకపోతే, అడిగినవారికే అది దక్కుతుంది.

అసలు చిక్కు ఆర్థిక సహాయం దగ్గర వస్తుంది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సహాయం పొందే విద్యార్థి 120 క్రెడిట్ల (కోర్సుల పరిమాణాన్ని కొలిచే యూనిట్ల) డిగ్రీని 180 క్రెడిట్లు ప్రయత్నించేలోగా ముగించగలిగే వేగంతో సాగాలి. అంటే చేపట్టిన క్రెడిట్లలో దాదాపు 67 శాతం పూర్తి చేస్తూ ఉండాలి. జీపీఏను ముట్టని డబ్ల్యూ కూడా ఈ లెక్కలో ప్రయత్నించిన క్రెడిట్‌గానే నిలుస్తుంది. ఈ కారణంగా సహాయం ఆగిపోయినవారు, కాలేజీ అనుమతిస్తే, అనారోగ్యం, బంధువు మరణం వంటి ప్రత్యేక పరిస్థితులను చూపి అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీలులో రెండు విషయాలు చెప్పాలి: అప్పుడు ఎందుకు చదవలేకపోయారు, ఇప్పుడు ఏమి మారింది. పరువు పోతుందన్న భయంతో 'వ్యక్తిగత కారణాలు' అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటే, నిర్ణయించవలసినవారి చేతికి ఏ ఆధారమూ ఇవ్వనట్లే. చికిత్స సాగుతోందనీ, కౌన్సెలర్‌ను క్రమంగా కలుస్తున్నారనీ, పని గంటలు తగ్గించుకున్నారనీ కాగితాలతో సహా చెప్పాలి. ఆ ఉత్తరం రాసేటప్పుడు పక్కన కూర్చునే తల్లిదండ్రులు, వంద హితవాక్యాలు చెప్పేవారికంటే ఎక్కువ మేలు చేస్తారని నేను నమ్ముతాను.

తొందర విషయానికి వస్తే, తిరిగి చేరిన మొదటి సెమిస్టర్‌లోనే ఐదారు కోర్సులు ఎత్తుకోమనడం, అప్పుడే కట్టు విప్పిన కాలితో పరుగు పందెంలో దిగమనడం వంటిది. డిగ్రీ విద్యార్థికి చాలా కాలేజీల్లో ఆరు క్రెడిట్లు ఉంటే సగం కాలపు విద్యార్థిగా పరిగణిస్తారు. పాత ఫెడరల్ రుణాల వాయిదాలు చదువు పూర్తయ్యేదాకా ఆగడానికీ ఆ మాత్రం చాలు. చాలాకాలం వాయిదాలు కట్టక రుణం ఇప్పటికే డిఫాల్ట్‌లోకి వెళ్ళి ఉంటే కొత్త సహాయం రాదు కనుక ముందు దాన్ని చక్కబెట్టుకోవాలి. ఎఫ్-1 (విదేశీ విద్యార్థుల) వీసా మీద ఉన్నవారికి మాత్రం ఈ వెసులుబాటు తక్కువ. వైద్య కారణాలతో కోర్సులు తగ్గించుకోవాలంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్ఓ) అనుమతి ముందే తీసుకోవాలి. అదీ ఒక స్థాయి చదువుకు మొత్తం 12 నెలలకు మించదు. ఆ అనుమతి లేకుండా మానేయడం చదువుతో పాటు వీసా హోదాకూ ముప్పు తెస్తుంది.

కాలేజీలో అడుగుపెట్టిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థిదే. ఫీజు కడుతున్నాం కదా అని తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగితే కాలేజీ చెప్పకపోవచ్చు. (దీనిని అవమానంగా తీసుకునే తండ్రులు మనలో తక్కువేమీ లేరు.) డిప్రెషన్ వంటి సమస్యలకు పరీక్షల్లో అదనపు సమయం వంటి సదుపాయాలను కూడా విద్యార్థే కోరాలి, అవి ఇచ్చిన నాటి నుంచే వర్తిస్తాయి తప్ప, తప్పిన పరీక్షలను వెనక్కు వెళ్ళి సరిచేయవు. కాబట్టి ఆ దరఖాస్తు మొదటి మిడ్‌టర్మ్ పోయాక కాక, ప్రవేశం ఖరారైన వారంలోనే వెళ్ళాలి.

మన సంఘంలో ఉపకారవేతనాల నిబంధనలు రాసేవారికి ఒక విన్నపం: పూర్తికాలపు విద్యార్థి, అధిక జీపీఏ అన్న షరతులు లేకుండా, ఆరు క్రెడిట్లతో తిరిగి మొదలుపెట్టేవారికి కొన్నింటిని కేటాయించండి, దరఖాస్తులో ఎందుకు మానేశారన్న ప్రశ్నను తీసివేయండి.